వీపు మీద పేరు

"ఈ పేరు పీకెయ్యమ్మా! వీడు హోటల్ గదిలో బలవంతం చేశాడని ఒక అమ్మాయి మొత్తుకున్నా, సాక్ష్యం చాలదని పోలీసులు కేసే పెట్టలేదట!" బస్సు డ్రైవరు తన అభిమాన ఫుట్‌బాల్ ఆటగాడి పేరున్న జెర్సీని కౌంటరు మీద విసిరాడు.

జెర్సీల మీద పేర్లు అతికే ఆవిడ ఇస్త్రీపెట్టె వేడిచేస్తూ అడిగింది. "మరి ఎవరి పేరు వెయ్యను?"

"కెప్టెన్‌ది."

"పోయినేడాది ఇలాంటి ఫిర్యాదే ఆయన మీదా వచ్చింది. అదీ మూతపడింది."

"పోనీ, గోల్‌కీపరుది?"

"ఆయన మీదా ఫిర్యాదొస్తే కోచ్ కాపాడాడుగా!"

డ్రైవరు నీరుగారిపోయాడు. "అయితే ఖాళీగా వదిలెయ్. ఆదివారం స్టేడియానికి వేసుకెళ్ళాలి."

"మీ వీపు ఎవరికి కనపడుతుందన్నయ్యా? ఆ ఆటగాళ్ళకి కనపడేది నిండిన స్టేడియమే."

"సెమీఫైనలమ్మా!"

ఆ మాట అనేశాక అతనికే సిగ్గేసింది. జేబులోంచి టికెట్టు తీసి, కళ్ళు మూసుకుని చింపేశాడు.