అలసటకు అర్థం

"అలసట అంటే ఏంటండీ?"

ఎదురుగా కూర్చున్న ఆవిడ అలా అడిగేసరికి అనువాదకుడికి నవ్వొచ్చింది. ఆఫీసులో అందరూ ఆయన్ని వెనకాల 'నిఘంటువు' అంటారు. పదం దొరికితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పందే వదలడు.

"ఇంగ్లీషులో ఫటీగ్ అంటారమ్మా. లాటిన్ నుంచి వచ్చింది. డాక్టర్లకైతే ఒళ్లు అలిసిపోవడం. సిపాయిలకైతే ఊడవడం, కడగడంలాంటి చాకిరీ. ఇంజనీర్ల దగ్గరికొస్తే మనిషితో పనే లేదు, ఇనుమే అలిసిపోతుంది. ఏళ్ల తరబడి బరువు మోసీ మోసీ, పైకి నిక్షేపంలా ఉన్నదే ఓ రోజు పుటుక్కున విరుగుతుంది."

ఆవిడ సంచిలోంచి రెండు కాగితాలు తీసింది.

"మా ఆయన లారీ నడిపేవారు. పదకొండేళ్ల కిందట లోయలో పడింది. ఇది ఆ ప్రమాదం గురించి అప్పుడిచ్చిన తెలుగు కాగితం. ఇంగ్లీషుది మొన్ననే దొరికింది. తెలుగుదాని కింద మీ పేరుంటే వెతుక్కుంటూ వచ్చాను."

తెలుగులో ఒకటే ముక్క. ప్రమాదానికి కారణం: అలసట. కింద ఆయన సంతకం.

ఇంగ్లీషులోనూ మొదటి పేజీలో ఆ ఒక్క మాటే ఉంది. పేజీ తిప్పాడు. లారీ ముందు చక్రాల ఇరుసు ఎలా విరిగిందో వివరంగా రాసి ఉంది. ఆ రోజు బల్ల మీద గుట్టెడు ఫైళ్లు. ఈ పేజీ తిప్పి ఉండడు.

"తప్పు నాదమ్మా. అలిసింది ఇరుసు. మీ ఆయన కాదు."

"నిద్రకి తూగలేదంటారా?"

"లేదు. చివరిదాకా బ్రేకు తొక్కుతూనే ఉన్నారట. రాసుందిక్కడ."

"ముందురోజు రాత్రి ఆయన కన్ను మూయలేదండీ."

"అయినా సరే. నిద్రకీ దీనికీ సంబంధమే లేదు."

ఆయనకి సిగ్గుగా ఉంది. కాస్త తేలికగానూ ఉంది. ఆలస్యమైతేనేం, పోయినవాడి మీద నింద పోయింది. ఇప్పుడే సరిగ్గా రాసిస్తానంటూ తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు.

ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"రాత్రంతా ఏడ్చి తండ్రిని నిద్రపోనివ్వలేదని, ఆయన్ని అదే మింగేసిందని, నెల్లాళ్ల పసిగుడ్డుని నా చేతులతోనే ఎవరికో ఇచ్చేశానండీ."