వెనక తలుపు కాపలా

“మామయ్యా, మళ్లీ తలుపు వదిలేసి వెళ్లారా!”

అల్లుడు అరిచిన అరుపుకి ఖాళీ సెలూనంతా మారుమోగింది. ఆరోజు షాపుకి సెలవు. షట్టరు సగం దించి, కస్టమర్లు కూర్చునే తిరుగుడు కుర్చీలో తానే కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అద్దం ముందు పెట్టుకున్న తెరని కొరకొరా చూస్తున్నాడు.

అది తుపాకుల ఆట. జట్టుకి ముగ్గురు. ఊళ్లో జట్లన్నీ పాల్గొన్న పోటీలో వీళ్లు ఫైనల్ దాకా వచ్చారు. వీళ్లంటే అల్లుడు, అతని భార్య, ఆమె తండ్రి. ఒకే గదిలో కూర్చుంటే ఒకరి మాట ఇంకొకరి మైకులో దూరి గోలగా మోగుతుందని అల్లుడు షాపులో ఉన్నాడు. భార్య ఇంట్లో మేడమీద, కుట్టుమిషన్ గదిలో. మామగారు కింద హాల్లో. ఇప్పటికి రెండు జట్లూ చెరొక రౌండు గెలిచాయి. మిగిలింది ఆఖరిది.

“పిల్ల దెబ్బతిని పడిపోతే గుడ్లప్పగించి చూడమంటారా అల్లుడుగారూ?” అన్నాడు మామగారు. లారీ మెకానిక్కుగా పనిచేసిన మనిషి. ఇంజన్ల హోరులో మాట్లాడి మాట్లాడి, ఆ గొంతుకి మెల్లగా మాట్లాడటం చేతకాదు.

“పడింది ఆటలో మామయ్యా!”

“ఆటలో అయితే మాత్రం? ‘నాన్నా’ అని పిలిచిందిగా!”

“అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది నాన్నా. నువ్వు పట్టించుకోకు,” అంది కూతురు తన మైకులోంచి.

అల్లుడు ఓపిక కూడదీసుకున్నాడు.

“మామయ్యా, వాళ్లు మన గుట్టు కనిపెట్టేశారు. మీ అమ్మాయిని పడగొట్టి, ప్రాణం తీయకుండా వదిలేస్తున్నారు. చుట్టూ నక్కి కూర్చుంటున్నారు. మీరు లేపడానికి పరిగెత్తుకొస్తారని వాళ్లకి తెలుసు. రాగానే మిమ్మల్ని కాల్చేసి, వెనక తలుపులోంచి మనం కాపాడాల్సిన గిడ్డంగిలోకి దూరుతున్నారు. దూరారంటే మన పని అయిపోయినట్టే.”

“మరి నేను వెళ్లకపోతే పిల్ల గతేంటి?”

“నేను చూసుకుంటాను. నామీద నమ్మకం లేదా?”

ఆ మాట ఆటని దాటి ఎటో వెళ్లిపోయింది.

“నమ్మకం లేకపోతే పిల్లనిచ్చేవాణ్ణా?” అన్నాడు మామగారు. “సరే. ఆ తలుపు దగ్గర్నుంచి అంగుళం కదిలితే ఒట్టు.”

“ఇంకోటి. అందరం ఒకేసారి అరవొద్దు. ఎక్కడున్నారు, ఎంతమంది. అంతవరకే చెప్పాలి. మిగతా కబుర్లు గెలిచాక.”

“గెలవకపోతే?” అంది భార్య.

“వచ్చే పోటీకి మామయ్యకి విశ్రాంతి ఇద్దాం.”

“ఆయనకిస్తే నాకూ ఇచ్చేయండి. ఒక్కరే ఆడుకుందురుగాని.”

అల్లుడు జవాబు చెప్పేలోపే ఆఖరి రౌండు మొదలైంది.

మామగారి సైనికుడు వెనక తలుపు దగ్గర పీపాల చాటున తుపాకీ గురిపెట్టి కూర్చున్నాడు.

“మెట్ల దగ్గర ఇద్దరు,” అంది భార్య.

“కిటికీ కింద ఒకడు,” అన్నాడు మామగారు.

ఆ తర్వాత ఎవరూ నోరు మెదపలేదు. అల్లుడికి ముచ్చటేసింది. ఇన్నాళ్లూ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కానీ, ముగ్గురూ ఒకే మనిషిలా ఆడటం ఇదే మొదటిసారి.

అంతలో మెట్ల వైపునుంచి తూటాలు దూసుకొచ్చాయి. భార్య ఆడుతున్న బొమ్మ కుప్పకూలింది.

“నాన్నా!”

ఆ కేకకి అల్లుడి చెవులు గింగుర్లెత్తాయి. అయిపోయింది, పెద్దాయన లేచాడు అనుకున్నాడు. తెర మూలనున్న మ్యాపులోకి చూశాడు.

మామగారి సైనికుణ్ణి చూపించే పచ్చచుక్క కదల్లేదు. ఉన్నచోటే ఉంది.

అవతలి ముగ్గురూ కాచుకుని చూశారు. రావలసినవాడు రాలేదు. విసుగెత్తి ఒకడు చాటునుంచి తల బయటపెట్టాడు. చుట్టు తిరిగి వాళ్ల వెనక్కి చేరిన అల్లుడు వాణ్ణి కూల్చేశాడు. కంగారుగా లేచిన రెండోవాడూ దొరికిపోయాడు. మూడోవాడు వెనక తలుపుకేసి పరుగు తీశాడు.

అక్కడ మామగారి సైనికుడు గురి చెదరకుండా వాడినే చూస్తున్నాడు. కాల్చడం లేదు. కదలడం లేదు. ఇదేం ఎత్తో అర్థంకాక వాడు క్షణంపాటు తటపటాయించాడు. అల్లుడికి ఆ క్షణం చాలింది.

గెలిచారు!

“మామయ్యా!” కుర్చీ గిర్రున తిరిగిపోయేలా లేచాడు అల్లుడు. “అలా రాయిలా ఎలా ఉండగలిగారు మామయ్యా! కప్పు మీ చేతికే ఇప్పిస్తాను!”

జవాబు లేదు.

అల్లుడి సంబరం కాస్త చల్లబడింది. గొంతు తగ్గించాడు.

“అమ్మాయి పిలుస్తుంటే కదలకుండా కూర్చోవడం మీకెంత కష్టమో నాకు తెలుసు. ఇందాక నోరు జారి కసిరాను. విశ్రాంతి, గిశ్రాంతి ఏం లేదు. నేనున్నంతకాలం ఈ జట్టులో మీరుంటారు. మనసులో పెట్టుకోకండి మామయ్యా.”

అయినా ఉలుకూ పలుకూ లేదు. నిజంగానే అలిగాడేమోనని అల్లుడి ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు భార్య మైకులో తలుపు ధడేలుమన్న చప్పుడు వినబడింది.

“అయ్యో నాన్నా! ఆ మోకాళ్లతో మెట్లన్నీ ఎక్కి వచ్చావా?”

ఆ వెంటే ఆమె మైకులోంచి, రొప్పుతూ మామగారి గొంతు.

“అల్లుడుగారు ఆటలో రావొద్దన్నారు కదమ్మా, అందుకే ఇలా వచ్చాను. ఏదీ, ఎక్కడ తగిలిందో చూపించు.”