టు పక్కన ఐఎన్‌జీ

నిచ్చెన మీద పెయింటరు కుంచె పట్టుకుని ఆగిపోయాడు. కింద మామకీ అల్లుడికీ మాట కుదరడం లేదు.

గేటుకి లోపలివైపు, వెళ్ళేవాళ్ళకి కనబడేలా, మర్యాదగా ఒక ఇంగ్లీషు ముక్క ఉండాలని అల్లుడి ముచ్చట. అక్కడ మేనేజరు అతనే. మీరు మళ్ళీ ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తుంటాం అనే అర్థం వచ్చేలా ‘వుయ్ లుక్ ఫార్వర్డ్ టు సీ యూ ఎగైన్’ అని రాసుకొచ్చాడు.

కిందటిసారి అతను రాయించిన ‘ఎంట్రీ ఫ్రమ్ బ్యాక్‌సైడ్’ చూసి ఊరంతా నవ్వింది. ఈసారి ఒక్క తప్పున్నా ఉద్యోగం ఊడుతుందని కమిటీ అధ్యక్షుడు తేల్చి చెప్పాడు. అందుకే ఇంగ్లీషు మాస్టారైన మామగారిని స్కూటరు మీద ఎక్కించుకొచ్చాడు.

“సీ కాదు, సీయింగ్,” అన్నారు మామగారు.

“టు పక్కన వి-వన్ రావాలని తొమ్మిదో క్లాసులో మీరే కదండీ నా చెవి మెలిపెట్టి చెప్పారు.”

“అది ఆ టు. ఇది వేరే టు.”

“టుల్లో కూడా రకాలా, మావయ్యగారూ?”

“లుక్, ఫార్వర్డ్, టు. అదంతా ఒకే కుటుంబం, విడదియ్యకూడదు. ఆ వెనక వచ్చే క్రియ అల్లుడు లాంటిది. చేతులూపుకుంటూ రాకూడదు. ఐఎన్‌జీ పట్టుకుని రావాలి.”

అల్లుడు నొచ్చుకున్నాడు. “ఈ తేడా ఎవరు చూడొచ్చారండీ? మన దగ్గరికొచ్చినవాళ్ళెవరూ ఇంతవరకు ఒక్క ఫిర్యాదు చెయ్యలేదు.”

“నీ ఉద్యోగం పోతే మీరిద్దరూ ఎవరింట్లో దిగుతారో నాకు తెలుసు. ఐఎన్‌జీ పెట్టు.”

“సార్, అన్ని అక్షరాలకి చోటు లేదు,” అన్నాడు పెయింటరు పైనుంచి.

“ఎగైన్‌ని కాస్త సన్నగా రాయి. తీసెయ్యకు మాత్రం,” అన్నాడు అల్లుడు. “ఆప్యాయతంతా అందులోనే ఉంది.”

మర్నాడు పొద్దున్నే అధ్యక్షుడొచ్చాడు. కళ్ళజోడు సవరించుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. అల్లుడు ఊపిరి బిగబట్టాడు. మామగారు మీసం దువ్వుకున్నారు.

“సీయింగ్,” అన్నాడు అధ్యక్షుడు తృప్తిగా. “నూటికి తొంభైమంది ఇక్కడే బోల్తా పడతారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, పో.”

ఇంతలో, తమ ఇంటి పెద్దాయన్ని పూడ్చిపెట్టి శ్మశానంలోంచి బయటికొస్తున్న బంధువులు ఆ గేటు దగ్గర ఆగి, బోర్డు పైకి చదివి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.