పడవవాడి గొంతు

"ఆఖరి పబ్లిషరూ వద్దనేసినాడు. ఇంక యాడికని తిరిగేది? అంతా చెరిపేయ్. సాయంత్రం కంప్యూటర్లు కొన్నోళ్లు వస్తారు," అన్నాడు మణిమారన్.

"సరి," అంది అభినయ.

నెల్లితోపులోని ఈ మేడగదిలో ఇద్దరూ ఏళ్ల తరబడి చేసిన వీడియోగేమ్ రెండో భాగం అది. అభినయకు ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు.

మానిటర్లు దించడానికి సాయమొచ్చిన ఆమె తండ్రి కేశవన్, ఒక తెర ముందు కూర్చుని మీటలు నొక్కుతున్నాడు. గొంతు ఆపరేషన్ అయినప్పటినుంచి ఆయనకు మాట లేదు.

తెరమీది పిల్ల నడుచుకుంటూ రేవుకు చేరింది. పడవవాడు తలెత్తాడు.

"యాడికి పోవాల పాపా?"

కేశవన్ చెయ్యి ఆగిపోయింది.

"మామ గొంతు గదా అది," అన్నాడు మణిమారన్ మెల్లిగా. "ఆపరేషన్‌కి ముందు, అప్పటికి ఏదో ఒక గొంతు ఉండాలని మామ చేత చెప్పించినాం. పబ్లిషరు దొరికినాక మంచి ఆర్టిస్టుతో మార్చాలనుకున్నాం. మరిచే పోయినా."

"నేనూ మరిచిపోయినా," అంది అభినయ.

కేశవన్ మళ్లీ మీట నొక్కాడు.

"యాడికి పోవాల పాపా?"

పడవ కదల్లేదు. అవతలి ఒడ్డును వాళ్లింకా తయారు చేయనేలేదు. అయినా ఆయన నొక్కుతూనే ఉన్నాడు, పడవవాడు అడుగుతూనే ఉన్నాడు.

అభినయ చెరపడం ఆపి, వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"యాడికి పోవాల పాపా?"

"ఇంటికే నాయనా," అంది.