వాసన పట్టే మూత

ఇరుగుపొరుగు ఇళ్ళ గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ తన వాటితో కలిపి నూకరత్నం ఎప్పట్లాగే గేదె కుడితి తొట్టి దగ్గరికి తెచ్చింది. తొట్టి మూత తెరుచుకోలేదు. గింజల్లో బూజు విషం పాలల్లోకీ దిగుతోందని తేలాక ఊళ్ళో ప్రతి తొట్టికీ ఈ వాసన పట్టే మూతలొచ్చాయి. తేడా ఉంటే బిగుసుకుంటాయి.

“నీ బియ్యమే బూజు పట్టుంటాయి వదినా. కాస్త చూసుకోవద్దా?” అని పక్కింటి కాసులమ్మను గట్టిగానే దులిపేసింది.

కాసులమ్మ తన బియ్యం కడుగు మళ్ళీ తెచ్చి మూత దగ్గర పెట్టింది. టక్కున తెరుచుకుంది. ఎదురింటి గంజికీ తెరుచుకుంది. ఇక మిగిలింది నూకరత్నం ఇంటి గంజే. అది విడిగా తెచ్చి పెడితే మూత కదల్లేదు.

గేదెకు మూత కొన్న నూకరత్నం తన బియ్యం డబ్బాకు మాత్రం దండగనుకుంది. లోపల మొగుడు సూర్రావు చద్దన్నంలో ఆవకాయ కలుపుతున్నాడు. పరుగున వెళ్ళి కంచం లాగేసింది.

“ఏమైందే?”

“గేదెకే పనికిరాదంట ఈ అన్నం.”

ఖాళీ గిన్నె పట్టుకుని గోడ దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించింది.

“ఆవకాయ మా ఇంట్లో ఉందిలే వదినా. కాస్త చద్దన్నం ఉంటే పెట్టు.”