సీసా మీద కన్ను

నర్సు సీసాను స్టాండుకు తగిలించబోతుంటే పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్కసారి ఇటివ్వమ్మాయ్."

సీసాను వెలుతురుకేసి పట్టుకుంది. మూత సీలును గోటితో తడిమింది. మెల్లగా ఊపింది. లేత పసుపు మందు మీద నురగ తేలింది. అయినా నమ్మకం కలగలేదు. సగం తీసేసి నీళ్లు కలిపినా నురగ వస్తుంది కదా!

మంచం మీద ఆవిడ భర్త నవ్వాడు. "ఇచ్చెయ్యవే. నా కాళ్లు ఏనుగుతో మార్చుకున్నట్టున్నాయి. చెప్పులు కూడా దాన్నే అడగాలేమో!"

నిజమే. పిక్క మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడటం లేదు. మూడు రోజులుగా అల్బుమిన్ సీసాలు ఎక్కుతూనే ఉన్నాయి. ఆవిడ రోజూ పొద్దున్నే ఆయన చీలమండ చుట్టూ దారం చుట్టి కొలుస్తోంది. పిసరంత తేడా లేదు.

"మందు అసలుదే అయితే వాపెందుకు తగ్గదు?"

నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది.

"చూడండమ్మా. సన్నటి రక్తనాళాల గోడలు పలచటి గుడ్డలాంటివి. గుండె తోసే ఒత్తిడికి నీళ్లు బయటికి ఊరతాయి. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రొటీను చాలావరకు వాటిని మళ్లీ లోపలికి లాగుతుంది. అయ్యగారికి అది మూత్రంలో పోతోంది. తోసేది తోస్తూనే ఉంది, లాగేది తగ్గిపోయింది. ఆ నీళ్లే కాళ్లలో నిలిచాయి. మనం ఎక్కించేదీ కొంత పోతుంది. టైం పడుతుందమ్మా."

పెద్దావిడ తలాడించింది. చూపు మాత్రం నర్సు చేతుల మీదనుంచి కదల్లేదు.

మర్నాడు నర్సు సీసా పట్టుకుని మందుల గదిలోకి వెళ్లింది. తలుపు మూసుకుంది. ఐదు నిమిషాలకు గానీ బయటికి రాలేదు.

అంతే. పెద్దావిడ తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్లింది.

"ఆ పిల్ల సీసాల్లో ఉప్పునీళ్లు నింపుతోంది! నా మనిషిని నిలువునా చంపేస్తోంది!"

ఆ మాట వార్డంతా గుప్పుమంది. నర్సును డ్యూటీ నుంచి తప్పించారు. సీసాలన్నీ పరీక్షకు పంపారు. దేంట్లోనూ కల్తీ లేదు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్లు ఉబ్బిపోయాయి.

డాక్టరు నీరు దించే మందు కూడా కలిపాడు. వారం తిరిగేసరికి వాపు దిగింది. పెద్దాయన తన కాళ్ల మీద తను వరండా చివరిదాకా నడిచాడు.

ఇంటికి వెళ్లే రోజు నర్సు వచ్చి మంచం పక్కన నిలబడింది.

"అమ్మా, మీ మీద కోపం లేదు. ఒక్కటే అడుగుతాను. ఇన్నాళ్లుగా ఈ పనిలో ఉన్నాను. సీసాలో మందు తీసి ఉప్పునీళ్లు నింపొచ్చని నాకే ఎప్పుడూ తట్టలేదు. మీకెలా తట్టింది?"

పెద్దావిడ వంగి సంచి మూతి బిగించింది.

ఇరవై రెండేళ్ల కిందట, తాను నర్సుగా పనిచేసిన చివరి వార్డులో, ఆ పని చేసింది ఆవిడే.