సాలుకు ఇరవై

“ఎవురిని చూసి రాసినావే?” మహాదేవి కూతురు భువన భుజం పట్టి కుదిపింది. సారు కబురు పెడితే, మిరప నారు నాటేది మధ్యలో వదిలేసి బడికి వచ్చింది ఆమె.

జయరాజ్ సారు నోటుపుస్తకం చూపించాడు. “ఈ వారం పోటీ లెక్కమ్మా ఇది. సాలుకు పద్దెనిమిది మొక్కలు, ఇరవై ఏడు సాళ్లు. జవాబు సరిగ్గానే ఉండాది, గుణకారం యాడ? దొంగ లెక్క అని తరగతి ముందర నిలబెట్టినా.”

భువన వెక్కుతూ చెప్పింది. “సాలుకు ఇరవై అనుకున్యా మా. ఐదు వందల నలభై. సాలుకు రెండు ఎక్కువైనాయి కదా, యాభై నాలుగు తీసేసినా. నువ్వు నారు లెక్కేసేది అట్లనే కదా!”

మహాదేవి చెయ్యి భుజం మీదనే ఆగిపోయింది. రోజూ నోటితో వేసుకునే లెక్కను పుస్తకంలో ఆమె ఇప్పుడే చూస్తోంది.

“నాకొకటి ఇయ్యి సార్.”

“సాలుకు పంతొమ్మిది, ముప్పై ఐదు సాళ్లు,” అంటూ సారు సుద్దముక్క అందుకున్నాడు.

“ఆరు వందల అరవై ఐదు.”

సారు బోర్డు మీద గుణించి చూసుకున్నాడు. పుస్తకం తీసి, కొట్టేసిన లెక్క పక్కన రైటు పెట్టబోయాడు.

“పుస్తకంలో కాదు సార్!” మహాదేవి గొంతు లేచింది. “దొంగ లెక్క అనింది అందరి ముందర కదా. పిల్లోళ్లను పిలువు.”